పడమర ముఖం గల తూర్పు స్థలాలు

స్థలాల వ్యాపారంలోకి కొత్తగా దిగేవాళ్ళు ఈ మధ్య నా సలహా కోసం వస్తున్నారు. మోకాళ్ళ నొప్పులు వచ్చాక మనిషికి అనుభవం కూడా వచ్చేసి ఉంటుందని లోకం నమ్మకం కాబోలు. "మార్కెట్ మారిపోతోంది కదండీ, ఇందులో భవిష్యత్తు ఉందంటారా?" అని అడుగుతారు. మార్కెట్ మారకుండా ఎప్పుడుంది నాయనలారా? నేను దిగిన రోజుల్లోనూ ఇదే మాట. ఎకరాల్లో అమ్మిన పొలాలు గజాల్లో అమ్మే స్థలాలైపోతున్నాయని పాత బ్రోకర్లు అరుగుల మీద కూర్చుని నిట్టూర్చేవారు, మాలాంటి కొత్తవాళ్ళం ప్యాంట్లు కుట్టించుకుని బయల్దేరేవాళ్ళం. భవిష్యత్తు సంగతి నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. తూర్పు ఎటో తెలియకుండా ఈ వృత్తిలో నా మొదటి నెల ఎలా గడిచిందో మాత్రం చెప్పగలను. మీ ప్రశ్నకి జవాబు అందులో దొరికితే మీ అదృష్టం.

డెబ్భైల చివరి మాట ఇది. రాజమండ్రి దగ్గర గోదావరి దాటి తణుకు వైపు వచ్చే బస్సు దారిలో ఒక ఊరు. పేరు చెప్పను, అక్కడి పెద్దవాళ్ళు కొందరు ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతారు. ఆ ఊళ్ళో ఒక మోతుబరి ఆసామి, పంట సరిగ్గా పండని తన మెరక చేను స్థలాలుగా విడగొట్టి అమ్మాలనుకున్నాడు. అప్పటికి నేను ఎరువుల కొట్టులో గుమాస్తాని. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు. ఆ రాత చూసే ఆసామి నన్ను పిలిచాడు.

"మూఢం వచ్చేలోపు ఆరు స్థలాలకి అగ్రిమెంట్లు చేయించు. చేయించావా, మిగతా నలభై స్థలాలూ నీ చేతి మీదుగానే అమ్ముతాను. లేదా, నీ దారి నీది," అన్నాడు.

మూఢంలో మనవాళ్ళు స్థలం కొనరు సరికదా, కొనే స్థలం గురించి మాట్లాడను కూడా మాట్లాడరు. నాకు ఉన్న వ్యవధి నెల రోజులు. ఎరువుల కొట్టు మానేశాను. ఈ పని కుదరకపోతే నాకు మిగిలింది మా మామగారి తెలగపిండి కొట్టు. ఆయన అప్పటికి మూడేళ్ళుగా నన్ను రమ్మంటున్నారు. వెళ్తే జీవితాంతం ఆయన కళ్ళెదుట, ఆ పిండి వాసనలో, "మా అల్లుడండీ, పాపం ఏవేవో చేశాడు" అనే మాట వింటూ కూర్చోవాలి. మా ఆవిడ మాత్రం నా భయాన్ని అర్థం చేసుకోలేదు. "మా నాన్న మీకోసం కొత్త స్టూలు చేయించారట," అని రెండు రోజులకోసారి గుర్తు చేసేది.

ఈ వృత్తిలో నాకు ఓనమాలు దిద్దించినవారు ఒక పాత పొలాల బ్రోకరు. గురువుగారు అనేవాణ్ణి. నల్ల గొడుగు, పంచె, కిర్రు చెప్పులు. జీవితమంతా వరిపొలాల గట్ల మీద నడిచిన మనిషి. గజాల వ్యాపారం అంటే ఆయనకి చులకన. "అరిటాకులో వడ్డించాల్సిన దాన్ని మీరు తమలపాకులో వడ్డిస్తున్నార్రా," అనేవారు. అయినా నా మీద దయతో రెండు సూత్రాలు చెప్పారు. ఒకటి, వానలో భూమి చూపించకు. రెండు, దిక్కు తెలియకపోతే కాలువనడుగు.

రెండోది డెల్టాలో పుట్టినవాళ్ళకి వివరించక్కర్లేదు. మన కాలువలన్నీ సముద్రం వైపే, అంటే దక్షిణానికే నడుస్తాయి. నీరు పోయే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చెయ్యి తూర్పు, కుడి చెయ్యి పడమర. సూర్యుడు లేకపోయినా, కాలువలో ఒక గడ్డిపరక వేస్తే చాలు, దిక్కు చెప్పేస్తుంది. నేనూ చిన్నప్పట్నుంచి అలాగే చెప్పేవాణ్ణి, ఎప్పుడూ తప్పలేదు.

మొదటి సూత్రాన్ని దేవుడే చెడగొట్టాడు. శ్రావణం. వాయుగుండం మీద వాయుగుండం. నేను చేలోకి అడుగుపెట్టిన రోజు నుంచి మూడు వారాలు సూర్యుడి ముఖం చూడలేదు. లే అవుట్ ప్లాను ఆసామి ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది. ఆయన దాని నుంచి ఒక నకలు గీయించి ఇచ్చాడుగానీ, అందులో రోడ్లు, నంబర్లు తప్ప దిక్కుల గుర్తు లేదు. స్థలం దగ్గర రేకు బోర్డు మీద ఆ ప్లాను పెద్దగా వేయించాను. పెయింటరు తడుస్తూ, "ఉత్తరం బాణం ఎటు పెట్టమంటారండీ?" అని అడిగాడు. చేను పక్కనే కాలువ ఉంది. నేను గడ్డిపరక వేశాను. అది పోయిన వైపు దక్షిణం అన్నాను. అతను ఎర్రరంగుతో మంచి బాణం వేశాడు.

ఆ బాణం ప్రకారం, మొదటి రోడ్డుకి ఒక పక్క ఉన్న ఐదు, ఆరు, ఏడు నంబర్లు తూర్పు ముఖం. వాటి ఎదుటి పధ్నాలుగు, పదిహేను, పదహారు పడమర ముఖం.

తూర్పు ముఖాలకి తణుకు నుంచి బట్టల షావుకారు వచ్చాడు. ముగ్గురు అన్నదమ్ములు, ఒకే కొట్టు, ఒకే ఇల్లు. ఇల్లు చాలక విడిపోతున్నారు. కొట్టు మాత్రం ఒకటే. మూడు ఇళ్ళూ పక్కపక్కనే ఉండాలి, మూడు వాకిళ్ళూ తూర్పుకే ఉండాలి, లేకపోతే ఏ ఇంట్లోనూ అడుగుపెట్టనని వాళ్ళమ్మగారు ఖండితంగా చెప్పేసిందట. షావుకారు కారు దిగకుండానే అద్దంలోంచి బోర్డు చూశాడు. "బాణం ఉంది కదా," అన్నాడు. బయానా ఇచ్చి వెళ్ళిపోయాడు.

పడమర ముఖాల్ని ఎవరూ అడగలేదు. ఆసామి రేటు తగ్గించాడు. అప్పుడొచ్చింది ఒకావిడ, చేపల తట్ట నెత్తిన గొడుగులా బోర్లించుకుని. వాళ్ళది గోదావరి లంక. ఇల్లు గట్టుతో సహా ఏటి కోతలో పోయింది. ఆవిడా, ఇద్దరు చెల్లెళ్ళూ పిల్లలతో ఏటిగట్టు మీద పాకల్లో ఉంటున్నారు. ముగ్గురూ ఎండుచేపలు అమ్మి కూడబెట్టుకున్నారు.

ఆవిడ బోర్డు వైపు చూడలేదు. ఆ జోరువానలో ఉత్త కాళ్ళతో చేనంతా తిరిగింది. ప్రతి వరసలోనూ కాసేపు నిలబడి, పాదాల చుట్టూ నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకుంది. చివరికి పధ్నాలుగో నంబరు రాయి దగ్గర ఆగింది.

"ఇయ్యి మూడూ మాకియ్యండి బాబుగారండి. ఇక్కడ నీళ్ళు నిలబడవు."

"అది పడమర ముఖం, చూసుకో మరి. తర్వాత నా మీదకి రాకూడదు," అన్నాను, నిజాయితీపరుణ్ణి కదా.

ఆవిడ ఆకాశం వైపు చూసింది. గాలి వైపు ముఖం తిప్పింది. తర్వాత నా వైపు చూసింది. "బాబుగారండి, ఈ దిక్కు..."

"నీకెందుకమ్మా దిక్కులు? రేటు తక్కువ, స్థలం మెరక. పుచ్చుకో."

"ఆయ్, తమరెలాగంటే అలాగేనండి," అంది.

స్టాంపు కాగితం మీద నా ముత్యాల రాతతో రాశాను. 'పడమర ముఖము గల 14, 15, 16 నంబర్ల ఇళ్ళస్థలములు' అని. ఆసామి సంతకం చేశాడు. ఆరు స్థలాలూ అయిపోయాయి. ఆ సాయంత్రం మా ఆవిడతో, "మీ నాన్నగారిని ఆ స్టూలు ఎవరికైనా అమ్ముకోమను," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మూఢానికి నాలుగు రోజుల ముందు, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చని, షావుకారు శంకుస్థాపనకి ముహూర్తం పెట్టించాడు. సూర్యోదయం వేళ. ఆసామి, అతని గుమాస్తా, నేను, గురువుగారు, అన్నదమ్ములు ముగ్గురూ భార్యలతో, వాళ్ళమ్మగారు కుర్చీలో. వాన వెలిసింది గానీ మబ్బు గేదె వీపులా నల్లగా పట్టి ఉంది. తణుకు నుంచి వచ్చిన పురోహితుడు గారు పీటలు వేయిస్తూ, "తూర్పు ఇటేగా?" అన్నారు. నేను బోర్డు మీద బాణం చూపించాను. షావుకారు దంపతులు అటు తిరిగి కూర్చున్నారు.

సంకల్పం అయింది. కలశానికి పసుపు రాస్తున్నారు. అప్పుడు మూడు వారాల తర్వాత మొదటిసారి మబ్బు విచ్చుకుంది.

ముందు నేను గమనించింది నీడలు. అందరి నీడలూ పొడుగ్గా సాగి ఎదురుగా కలశం మీద పడ్డాయి. పురోహితుడు గారి మంత్రం మధ్యలో ఆగిపోయింది. షావుకారు తల్లి మాత్రం పైట సర్దుకుని నెమ్మదిగా అడిగింది.

"నాయనా, పొద్దు వీపుకి తగులుతోందేంటి?"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. సూర్యుడు నిండుగా, ఏ సందేహానికీ తావు లేకుండా, పడమటి దిక్కున ఉదయిస్తున్నాడు. కనీసం నా బోర్డు ప్రకారం అది పడమరే.

ఆసామి గుమాస్తాకి యజమాని మీద భక్తి ఎక్కువ. గొంతు సవరించుకుని, "దక్షిణాయనం కదండీ. ఈ రోజుల్లో కాస్త పక్కకి జరుగుతాడు," అన్నాడు.

"కాస్త జరుగుతాడండి," అన్నారు పురోహితుడు గారు. "అట్నుంచి ఇటు మాత్రం రాడు."

నా కాళ్ళు భూమిలోకి దిగిపోతున్నట్టు అనిపించింది. దిగిపోతే బాగుండునని కూడా అనిపించింది. షావుకారు పీట మీంచి లేచి నన్ను ఒక్క మాటా అనలేదు. కండువా దులుపుకుని కారు వైపు నడిచాడు. తిడితే బాగుండేది. వెళ్తూ వాళ్ళమ్మగారు కలశం మీది కొబ్బరికాయ తీసి సంచిలో వేసుకుంది. అది దండగ చెయ్యడం ఎందుకని.

గురువుగారు నన్ను కాలువ గట్టుకి తీసుకెళ్ళారు. చాలాసేపు గట్టు వెంట నడిచాం. మెరక అడ్డం రావడం వల్ల కాలువ ఆ చేను చుట్టూ వెనక్కి తిరిగి, రెండు ఫర్లాంగులు ఉత్తరానికి పోయి, మళ్ళీ దక్షిణానికి మలుపు తిరుగుతోంది. నేను గడ్డిపరక వేసింది సరిగ్గా ఆ రెండు ఫర్లాంగుల్లో.

"మీరే కదండీ కాలువనడగమన్నారు," అన్నాను ఉక్రోషంగా.

"నేను చెప్పింది పెద్ద కాలువ గురించిరా. ఇది పిల్ల కాలువ. పిల్లలు తిన్నగా నడుస్తారా?" అన్నారు. గొడుగు చంక మార్చుకుని, "పోనీ, గట్టు మీద వెళ్ళే మనిషినెవరినైనా అడగలేకపోయావా?" అన్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మూడు వారాలుగా ఆ గట్టు మీద రోజూ ఎంతోమంది కూలీలు నా ముందు నుంచే నడిచారు.

మర్నాడు ఆసామి కబురు చేశాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. ఉత్సాహంగా ఉన్నాడు.

"షావుకారుతో మాట్లాడాను. ఎదుటి వరస ఇస్తే తీసుకుంటానన్నాడు. అదేగా ఇప్పుడు అసలు తూర్పు ముఖం. తూర్పు రేటు కూడా ఇస్తానన్నాడు."

"ఎదుటి వరస ఆ చేపలావిడకి రాసిచ్చాం కదండీ."

"ఏమని రాశావు? పడమర ముఖం గల స్థలాలు అని. పడమర ముఖం ఇప్పుడు ఏది? షావుకారు వదిలేసిన ఐదో నంబరు వరస. ఇది ఆవిడకిద్దాం. కాగితంలో ఉన్నదే ఇస్తున్నాం. నంబర్లు పొరపాటున పడ్డాయని చెప్పి కొత్త కాగితం మీద వేలిముద్ర వేయించుకురా. ఆరుకి ఆరూ నిలబడతాయి. నలభై స్థలాలూ నీవే."

ఆ లెక్క విన్నప్పుడు నాకు సిగ్గు వెయ్యలేదని చెబితే అబద్ధం. కానీ అంతకన్నా ముందు ఊరట కలిగిందని చెప్పకపోతే అదీ అబద్ధమే. ఎలాగైనా ఆ స్టూలు తప్పుతుందని. సంచిలో కొత్త స్టాంపు కాగితం, వేలిముద్ర పెట్టె వేసుకుని బస్సెక్కాను.

ఆవిడ సంతలో ఎండుచేపల కుప్ప వెనక కూర్చుని ఉంది. నన్ను చూసి గోనె పరిచింది. నేను చాలా నేర్పుగా మొదలుపెట్టాను. చిన్న పొరపాటు జరిగిందని, దిక్కులు కాస్త అటూ ఇటూ అయ్యాయని.

"ఆయ్, తెలుసండి," అంది. "మొదటి రోజే తెలుసు. పడమటి గాలి ముఖానికి కొడతా ఉంటే, అది తూర్పంటారేంటి ఈ బాబుగారు అనుకున్నాను. మేం ఏట్లో తిరిగేవోళ్ళం కదండీ. దిక్కు తెలీకపోతే ఇంటికి రాం."

"మరి చెప్పలేదేం?"

"చెప్పబోయానండి. 'నీకెందుకమ్మా దిక్కులు' అన్నారు."

పక్కన కొట్టు ఆవిడ నవ్వు ఆపుకోవడానికి రొయ్యపొట్టు చెరగడం మొదలుపెట్టింది.

ఆవిడ రొంటిన ఉన్న మూట విప్పి, ప్లాస్టిక్ కవరులోంచి నా కాగితం తీసి చేతికిచ్చింది. "నాకు చదువు లేదండి. ఇందులో ఏం రాశారో తమరే ఓసారి చదివి చెప్పండి."

చదివాను. పడమర ముఖము గల పధ్నాలుగు, పదిహేను, పదహారు నంబర్ల ఇళ్ళస్థలములు.

"స్థలానికి పేరేదండి? నంబరా, ముఖమా?"

నేను ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నాను. ఆవిడే మళ్ళీ అంది. "మా ఇల్లు పోయినరోజు గోదారి మమ్మల్నేం అడగలేదు బాబుగారండి. తమరు అడగడానికొచ్చారు. అదే గొప్ప. కానీ ఆ వరసలో నీళ్ళు నిలబడతాయండి. నేను నిలబడి చూశాను. నీళ్ళలోంచి లేచొచ్చి మళ్ళీ నీళ్ళలోకి ఎలా పోతాం?"

సంచిలో కొత్త కాగితం అలాగే ఉంది. దాన్ని బయటికి తియ్యాలంటే నేను ఎంత చిన్నవాణ్ణి కావాలో ఆ క్షణంలో తెలిసింది. కాగితం మడిచి ఆవిడకి ఇచ్చేశాను.

"నంబరేనమ్మా. నంబరే స్థలం. ఆసామికి అదే చెప్తాను. మీరు భయపడకండి," అన్నాను. 'మీరు' అన్నానని తర్వాత బస్సులో గుర్తొచ్చింది.

"మరి తమరి పని?"

"మా మామగారికి తెలగపిండి కొట్టుంది," అన్నాను.

ఆవిడ చేపల మీది ఈగల్ని తోలింది. "ఆ షావుకారుగారికి కావాల్సింది తూర్పే కదండీ? ఆరి వరసకి ఎనకాల ఇంకో వరసుంది కదా. ఈపుకి ఈపు ఆనించి. దీని ముఖం పడమరైతే దాని ముఖం ఎటండి?"

ఇంత మాట మా ఎవరికీ తట్టలేదు. సూర్యుడు ఉదయించినా నా తలలో ప్లాను ఇంకా తలకిందులుగానే ఉంది. వెనక వరసని పడమర ముఖం అని ఎవరికీ చూపించనైనా లేదు. మూడు స్థలాలు కాదు, వరస వరసంతా ఖాళీగా ఉంది.

"కాపోతే అక్కడ వాన పడితే రెండ్రోజులు నీళ్ళుంటాయండి. మట్టి తోలించుకోమనండి. ఆ మాట దాచకండి మరి," అంది. వద్దంటున్నా వినకుండా చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టింది.

ఆసామి దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా తణుకు వెళ్ళాను. షావుకారు నన్ను చూసి గుడ్డ కొలవడం మొదలుపెట్టాడు. కొట్టు వెనక గదిలోంచి వాళ్ళమ్మగారే పిలిచింది. వెనక వరస సంగతి చెప్పాను. తూర్పు ముఖమే, ఈసారి పొద్దు చూసే చెబుతున్నాను అన్నాను. వానకి రెండు రోజులు నీళ్ళు నిలుస్తాయి, మట్టి తోలించాలి అని కూడా చెప్పాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "బేరం కుదరకముందే లోపం చెప్పే బ్రోకర్ని ఇప్పుడే చూస్తున్నాను," అంది. కొడుకుని పిలిచి, "ఇతను చెప్పిన మొదటి నిజం ఇదేరా. తీసుకో," అంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, "నీ సంచిలో ఏమిటి నాయనా ఆ కంపు?" అని అడిగింది. పొట్లం సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ ఇంట్లో గుడ్డు కూడా తినరు. సంచీ పట్టుకుని వీధిలోకి పరుగెత్తాను.

మూఢానికి ఒక్కరోజు ముందు అగ్రిమెంటు అయింది. ఆసామి పదిరోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత నలభై స్థలాలూ నాకే ఇచ్చాడు. దయ వల్ల కాదు. ఆ చేపలావిడ తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ చేపలతోపాటు నా కథ కూడా పంచింది. "తూర్పెటో తెలీని బాబేనండి, కానీ కాగితం మీద నిలబడతాడు" అని. కొనడానికి వచ్చినవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ముందు కాసేపు నవ్వి, ఆ తర్వాతే స్థలం అడిగేవారు. ఆ సంవత్సరం నుంచి నేను వానలోనే భూమి చూపించేవాణ్ణి. దిక్కు మాత్రం నేను చెప్పడం మానేశాను. గట్టు మీద వెళ్ళే ఎవరినో ఆపి, "ఏవండీ, తూర్పు ఎటండీ?" అని అడిగి, వచ్చినవాళ్ళకి వాళ్ళ చేతే చెప్పించేవాణ్ణి. కొత్తగా దిగేవాళ్ళకి నేనిచ్చే సలహా అంటూ ఉంటే ఇంతే.

రెండేళ్ళకి అక్కచెల్లెళ్ళు ముగ్గురూ పెంకుటిళ్ళు వేసుకున్నారు. పెద్దావిడ గృహప్రవేశానికి నేనూ మా ఆవిడా తెల్లవారకముందే వెళ్ళాం. పాలు పొంగాక ఆవిడ నన్ను లోపలికి పిలిచి, దేవుడి పటాల పక్కన గోడ మీద ఉన్న కొత్త పటం చూపించింది. రిజిస్ట్రేషన్ అయ్యాక ఎందుకూ పనికిరాని నా పాత అగ్రిమెంటు. అద్దం కట్టించి, కుంకుమ బొట్టు పెట్టి తగిలించింది. చదువుకుంటున్న వాళ్ళ అమ్మాయి వచ్చినవాళ్ళందరికీ దాన్ని పైకి చదివి వినిపించి, ఆ తర్వాత నన్ను చూపిస్తోంది.

మా ఆవిడ పటం దగ్గరికి వెళ్ళి శ్రద్ధగా చదివింది. అప్పుడే వాకిట్లోంచి తొలి ఎండ తిన్నగా లోపలికి వచ్చి, నా ముత్యాల రాతలో ఉన్న 'పడమర ముఖము' మీద పడింది.